రాత్రి పది తర్వాత మైకు: నిద్రా మనదే, పండుగా మనదే

వేసవి ముహూర్తాలు మొదలయ్యాయంటే మన ఇళ్లలో ఒక పాత చిక్కు మళ్లీ లేస్తుంది. లగ్నం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు గట్టిమేళం మోగాలి. గోదావరి జిల్లాలోనో కరీంనగర్‌లోనో అయితే ఇరుగుపొరుగంతా అదే పందిట్లో కూర్చుని ఉంటారు కాబట్టి గొడవ ఉండదు. హోసూరులోనో కోలారులోనో అలా కాదు. పక్కింటి తమిళ, కన్నడ కుటుంబాల పెళ్లిళ్లు ఎక్కువగా పొద్దుటిపూటే జరిగిపోతాయి. అర్ధరాత్రి సన్నాయి వాళ్లకు అలవాటు లేని చప్పుడు. ఎవరో 112కి ఫోన్ చేస్తారు. జీపు వచ్చి పందిరి ముందు ఆగుతుంది. పెళ్లికూతురి తండ్రి చేతులు జోడించి, "మా తెలుగువాళ్ల పద్ధతి ఇదండీ" అని చెప్పుకుంటాడు. వచ్చిన ఎస్సైకి పద్ధతితో పని లేదు, గడియారంతో పని.

మర్నాడు బంధువుల మధ్య నడిచే మాట మనందరికీ తెలుసు. "వాళ్ల జాతరకు పది రోజులు మైకు మోగితే ఎవరూ అడగరు, మన పెళ్లికి ఒక్క గంట మేళం మోగితే జీపు వస్తుంది." ఈ మాటలో బాధ ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ సగం నిజమే. ఆ పది రోజుల మైకు గురించి మనలో ఎవరైనా ఫిర్యాదు చేశామా? చేయలేదు. పరీక్షలకు చదువుకునే పిల్లలు చెవుల్లో దూది పెట్టుకున్నారు, గుండె ఆపరేషన్ చేయించుకున్న తాతగారు రాత్రంతా కూర్చున్నారు. మనం మాత్రం నోరు విప్పలేదు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నా, రేషన్ కార్డు నుంచి ఇంటి పన్ను దాకా అన్నీ ఇక్కడివే అయినా, "బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లం, మనకెందుకు" అనే జంకు పోలేదు. మాలో ఒకరు కొన్నేళ్ల కిందట తాలూకా కేంద్రమైన ఒక ఊళ్లో, వీధి చివర పెట్టిన సౌండ్ బాక్సులు కాస్త తగ్గించమని అడిగితే, "మీ ఊరికి వెళ్లి చెప్పుకోండి" అన్నారు. అడిగిన మనిషి పుట్టింది ఆ వీధిలోనే.

మనం శబ్దం చేసేవాళ్లమూ, శబ్దాన్ని భరించేవాళ్లమూ. రెండు చోట్లా నష్టపోతున్నామంటే దానికి భాష ఒక కారణం కావచ్చు. అంతకంటే పెద్ద కారణం, నిబంధన మనకు తెలియకపోవడం. మన రాష్ట్రాలు వేరైనా ఈ నిబంధన ఒకటే. కేంద్ర ప్రభుత్వం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000 ఫిబ్రవరిలో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు బెంగళూరుకూ, బరంపురానికీ, భివండికీ, యానాంకూ ఒకేలా వర్తిస్తాయి.

అందులో ముఖ్యమైనది గడియారం. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా పగలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాత్రి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. నిశ్శబ్ద మండలంలో 50, 40. ఈ అంకెలు మెట్లు ఎక్కినట్టు పెరిగేవి కావు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లు అవుతుంది, చెవికి ఇంచుమించు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. మామూలుగా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే 60 దాకా ఉంటుంది. డీజే బాక్సుల పక్కన నూరు దాటడం మామూలే. అంటే మన వీధుల్లో ఈ పరిమితులు పండుగ పూటే కాదు, మామూలు రోజున కూడా సగానికి సగం కాగితం మీదివే.

కాగితం మీదివే కదా అని వదిలేయడానికి లేదు. ఎందుకంటే రాత్రి నిబంధనకు డెసిబెల్ లెక్కతో పనే లేదు. 2010 జనవరిలో వచ్చిన సవరణ ఇక్కడ మనకు చాలా ముఖ్యం. అంతకుముందు ఫిర్యాదు చేయాలంటే శబ్దం పరిమితిని 10 డెసిబెల్స్ మించాలి. అది కొలిచేదెవరు? మీటరు ఎవరి దగ్గరుంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో మొదలుపెట్టిన శబ్ద కొలత కేంద్రాల వ్యవస్థ ఏడు మహానగరాలకే పరిమితం: ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, లక్నో. అందులో షోలాపూర్ లేదు, బళ్లారి లేదు, బరంపురం లేదు. సవరణ తర్వాత, రాత్రివేళ పెట్టిన ఆంక్షల్లో ఏది ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు, మీటరు అక్కర్లేదు. రాత్రి పదిన్నరకు ఆరుబయట మైకు మోగుతోందంటే ఆ గంట చూపిస్తే చాలు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని "82 చూపిస్తోంది" అని వాదించేవారు తమ పనిని తామే కష్టం చేసుకుంటున్నారు. ఆ అంకెను ఎవరైనా కాదనగలరు, గంటను కాదనలేరు.

అదే సవరణ మన మేళానికీ తగిలింది. అంతకుముందు నిబంధనలో లౌడ్‌స్పీకర్, మైకు సెట్టు అనే ఉండేవి. 2010 నుంచి శబ్దం చేసే ఏ పరికరమైనా, సంగీత వాయిద్యమైనా రాత్రిపూట ఆరుబయట వాయించరాదు. సన్నాయి, డోలు, డప్పు, తాషా, బ్యాండు మేళం అన్నీ ఇందులోకే వస్తాయి. "మైకు పెట్టలేదు కదా, ఉత్త మేళమే కదా" అన్న వాదన నిలవదు. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ రాత్రివేళ డప్పు కొట్టడం, బాకా ఊదడం ప్రజా అత్యవసర పరిస్థితుల్లో తప్ప కుదరదని ఉంది.

మరి నడిరాత్రి ముహూర్తం మాటేమిటి? నిబంధనలో ఒక తలుపు తెరిచే ఉంది. మూసిన ఆవరణలో, లోపలివారికి వినిపించేంత వరకు, రాత్రి కూడా వాడుకోవచ్చు. కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు, ఆడిటోరియం అని ఉదాహరణలు కూడా ఇచ్చారు. గోడలు, తలుపులు, పైకప్పు ఉన్న కల్యాణ మండపంలో తలుపులు వేసుకుని గట్టిమేళం వాయించుకోవడానికి ఇది ఆధారం. ఇంటి ముందు షామియానా మూసిన ఆవరణ కాదు. మేడ మీద రేకుల షెడ్డు కూడా కాదు. మండపంలోనైనా స్పీకర్లు ఒకటి లోపలా రెండు గేటు బయటా కడితే ఆ మినహాయింపు పోయినట్టే. పైగా ప్రైవేటు స్థలంలో పెట్టిన సౌండు ఆ స్థలం సరిహద్దు దగ్గర, ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. నివాస వీధిలో రాత్రి అంటే 50. కాబట్టి ముహూర్తం అర్ధరాత్రి పడినప్పుడు మండపం బుక్ చేసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఏసీ ఉందా లేదా అన్నది మాత్రమే కాదు, తలుపులు మూస్తే మేళం బయటికి ఎంత వినిపిస్తుంది అన్నది కూడా. ఎదురుకోలు, ఊరేగింపు రాత్రి పది లోపు ముగించుకుని, ఆ తర్వాత తంతు అంతా లోపల జరుపుకునే కుటుంబాలకు జీపు భయం ఉండదు. ఇందులో మన సంప్రదాయం తగ్గిందేమీ లేదు. లౌడ్‌స్పీకర్ పుట్టకముందు నుంచీ అర్ధరాత్రి లగ్నాలు ఉన్నాయి.

పదిహేను రోజుల జాబితా

రాత్రి 10 నుంచి 12 దాకా మైకుకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భాల్లో, ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా. వినాయక నిమజ్జనం నాడు పదకొండున్నరకు మైకు మోగుతున్నా పోలీసులు కదలరెందుకని అడిగేవారికి చాలా చోట్ల జవాబు ఇదే: ఆ రోజు జాబితాలో ఉంది. మన పండుగ లేదు. ఎందుకు లేదు? జాబితా రాసేటప్పుడు మనం అక్కడ లేం.

ఈ 15 రోజుల మీద సుప్రీంకోర్టు 2005 అక్టోబరు 28న తీర్పు చెబుతూ, సడలింపు చెల్లుతుందని ఒప్పుకుంది. కానీ రాష్ట్రాన్ని ఒక యూనిట్‌గా చూసి ప్రభుత్వమే రోజులు నిర్ణయించాలి, జిల్లాకో లెక్క ఉండరాదని చెప్పింది. ఆ పద్ధతిలో రాష్ట్రమంతా జరుపుకునే పెద్ద పండుగలకే చోటు. ఒక జిల్లాలోనో ఒక పట్టణంలోనో జరిగే ఉత్సవానికి దారి లేదు. 2010 సవరణ దీన్ని మార్చింది. రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇస్తే జిల్లా అధికారి తన పరిధికి సంబంధించిన రోజులను ముందుగా ప్రకటించవచ్చు. మహారాష్ట్రలో కలెక్టర్లు ఇలాగే జాబితాలు ఇస్తున్నారు. శివజయంతి, అంబేడ్కర్ జయంతి, గణేశోత్సవంలో కొన్ని రోజులు, నవరాత్రుల్లో కొన్ని, దీపావళి, ఈద్, క్రిస్మస్, డిసెంబరు 31 వంటివి అందులో కనిపిస్తుంటాయి.

షోలాపూర్‌లో పద్మశాలి కుటుంబాలు ఏటా రాఖీ పౌర్ణమికి మార్కండేయ మహర్షి రథోత్సవం చేస్తాయి. అక్కడి మరాఠీవారికి అది నారళీ పౌర్ణిమ. ఆ రథం ఆ ఊరి పండుగే, ఒక్క తెలుగువారిది అనుకోలేం. ముంబయి, భివండి, పుణె బతుకమ్మలకు సద్దుల రోజు ఒక్కటే పెద్ద రాత్రి. ఈ రోజులు ఆయా జిల్లాల జాబితాల్లోకి రావాలంటే కలెక్టరు దృష్టికి తేవాల్సింది మన సంఘాలే. రథం బయలుదేరాక పోలీసు కమిషనరేట్ చుట్టూ తిరిగి "ఈ ఒక్కసారికి" అని బతిమాలడం కాదు. నిబంధనలో ఉన్న మాట "ముందుగా". పండుగ ముందు రోజు ఇచ్చే అర్జీ ముందుగా ఇచ్చినట్టు కాదు.

బరంపురం సంగతి ఇంకా చిక్కు. బుఢీ ఠాకురాణీ యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది. తెలుగు నేతకార కుటుంబాల పెద్ద దేశిబెహరా ఆధ్వర్యంలో జరుగుతుంది. అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధిలో పుట్టింటికి వచ్చి కూర్చుంటుంది. ఘటాలు రాత్రిపూటే వీధులు తిరుగుతాయి. వేషాలు కట్టినవారు, డప్పులు, జనం. ఆ ఊరికి ఇంతకంటే పెద్ద పండుగ లేదు, ఒడియావారికీ తెలుగువారికీ కలిపి. 2025 ఏప్రిల్లో జరిగింది, లెక్క ప్రకారం మళ్లీ 2027లో. ఒక్కో యాత్ర మూడు నాలుగు వారాలు నడుస్తుంది. చట్టం ఇచ్చేది ఏడాదికి 15 రోజులు, అదీ అన్ని పండుగలకూ కలిపి, అదీ అర్ధరాత్రి దాకానే. 15 రోజులూ ఈ యాత్రకే ఇచ్చేసినా చాలవు. దసరాకు, గణేశ పూజకు ఏమీ మిగలదు.

ఇక్కడ మనం స్పష్టంగా ఒక మాట అనుకోవాలి. "ఇది వందల ఏళ్ల యాత్ర, దీనికి నిబంధన వర్తించదు" అనే వాదన కోర్టులో నిలవదు. యాత్రకు వందల ఏళ్లు, నిజమే. యాత్రలో డీజేకు అన్నేళ్లు లేవు. ఘటం ముందు నడిచే సంప్రదాయ వాద్యానికీ, వీధి మలుపులో కట్టిన పది అడుగుల బాక్సుల గోడకూ తేడా ఉంది. నిబంధన రెంటినీ ఒకే గాటన కట్టింది, అది దాని లోపం. ఆ లోపాన్ని ఎత్తిచూపి, కొన్ని ముఖ్యమైన రాత్రులకు సడలింపు, మిగతా రాత్రులకు మైకు లేని ఊరేగింపు అని జిల్లా యంత్రాంగంతో ముందే కూర్చుని మాట్లాడుకోవచ్చు. కానీ ఆ మాట అడగాలంటే బాక్సులను మనమే దించాలి. రెండూ కావాలంటే రెండూ పోతాయి.

యానాం పాఠకులకు ఇంకో సంగతి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరి. డెసిబెల్ పరిమితి గోదావరికి అటూ ఇటూ ఒకటే. 15 రోజుల జాబితా మాత్రం ఒకటి పుదుచ్చేరి ప్రభుత్వానిది, ఇంకొకటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది. ఇక్కడ అర్ధరాత్రి దాకా అనుమతి ఉన్న రోజు, కిలోమీటరు అవతల ఉండకపోవచ్చు. అటు నుంచి వచ్చే మోతకు ఇక్కడి స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు పనిచేయదు, శబ్దం ఎక్కడ పుట్టిందో అక్కడి అధికారికి ఇవ్వాలి. హోసూరు, అత్తిబెలె మధ్య కూడా ఇదే చిక్కు.

టపాసుల లెక్కలోనూ ఇలాంటి తిరకాసు ఉంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా అని చెప్పింది. దీపావళి తెల్లవారుజామున చేసుకుంటామని తమిళనాడు అడిగితే, తమిళనాడు, పుదుచ్చేరిలకు రెండు గంటలు మించకుండా వేళ మార్చుకునే వీలు ఇచ్చింది. తమిళనాడు ఉదయం 6 నుంచి 7, సాయంత్రం 7 నుంచి 8 అని పెట్టింది. మన ఇళ్లలో పొద్దున తలంటి, సాయంత్రం లక్ష్మీపూజ అయ్యాక టపాసులు. చెన్నైలోని తెలుగు ఇంటికి ఆ ఒక్క గంటే మిగిలింది. ఒక గంట చాలు అనేది మా అభిప్రాయం, కాదనేవారు మాలోనే ఉన్నారు.

ఫిర్యాదు చేస్తే పేరు బయటపడుతుందా

మన ఇళ్లలో ఫిర్యాదు ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. చట్టం ఏమంటుందో తర్వాత సంగతి, రేపు పొద్దున పాలకు వెళ్లేది అదే వీధిలో. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు బిందె పెట్టేది అదే వరసలో. మైకు పెట్టినవాడు కౌన్సిలరు మనిషైతే ఇంకేముంది.

2025 జనవరి 23న బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పును మన పాఠకులు గుర్తుపెట్టుకోవాలి అనేది అందుకే. ముంబయిలోని కుర్లా నెహ్రూనగర్ నివాసుల సంఘాలు వేసిన కేసు అది. ఫిర్యాదు వస్తే ఫిర్యాదుదారు ఎవరో తేల్చుకోవాలని, గుర్తింపు పత్రాలు చూపమని అడగకుండానే పోలీసులు చర్య తీసుకోవాలని, పేరు తెలిసినా అవతలివారికి చెప్పరాదని కోర్టు ఆదేశించింది. మామూలు మనిషి భరించలేని స్థితి వచ్చేదాకా ఫిర్యాదు చేయడని కూడా గమనించింది. చర్యకు మెట్లు చెప్పింది: మొదటిసారి హెచ్చరిక, రెండోసారి జరిమానా, ఆ తర్వాతా ఆగకపోతే లౌడ్‌స్పీకర్ స్వాధీనం, అనుమతి రద్దు. ఏ మతంలోనూ లౌడ్‌స్పీకర్ తప్పనిసరి భాగం కాదని ఠాణేకు చెందిన ఒక డాక్టరు వేసిన కేసులో 2016లోనే ఈ కోర్టు చెప్పింది.

మహారాష్ట్రలో ఉన్న మన కుటుంబాలు ఈ తీర్పును నేరుగా వాడుకోవచ్చు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా పోలీసులకు ఇది కట్టుబాటు కాదు, అక్కడి హైకోర్టుల ముందు ఉదాహరణగా చూపించుకోవచ్చు అంతే. అక్కడ కూడా ఇలాంటి ఆదేశం కావాలని నివాసుల సంఘాలు అడగాలి. తెలుగు సంఘంగా కాదు, వీధి సంఘంగా. ఈ తేడా చిన్నది కాదు. ఒంటరిగా ఒక తెలుగు ఇంటివారు అర్జీ పెడితే అది భాషల తగవుగా మారిపోతుంది. అదే వీధిలో నిద్ర పట్టని కన్నడ, ఒడియా, మరాఠీ, ఉర్దూ ఇళ్లు కూడా ఉంటాయి. వాళ్ల సంతకాలు కూడా ఉంటే అది నిద్ర గురించిన అర్జీ అవుతుంది.

మైనారిటీ అన్న మాటను ఇందులోకి లాగడం వల్ల లాభం లేదని పాతికేళ్ల కిందటే తేలింది. చెన్నై మాధవరం హైరోడ్డు ప్రాంతంలోని ఒక చర్చి మీద కాలనీవాసులు వేసిన కేసులో, మైనారిటీ సంస్థగా తమకు మతస్వేచ్ఛ ఉందని చర్చి వాదించింది. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని అంది. భాషా మైనారిటీ అయినా ఇదే లెక్క. మన మైనారిటీ హోదా మైకుకు పనికిరాదు. అర్జీ రాసే భాషకు పనికొస్తుంది.

రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, ఏ పౌరుడైనా తన ఇబ్బందిని దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి రాసి ఇవ్వవచ్చు. రాయడం తెలుగులోనే వచ్చిన అమ్మమ్మ, తన గదికి ఎదురుగా మోగే మైకు గురించి తెలుగులోనే అర్జీ ఇవ్వవచ్చు. అలాగే జనాభాలో 15 శాతం లేదా అంతకు మించి ఒక భాషవారు ఉన్న జిల్లాలో, తాలూకాలో ముఖ్యమైన నిబంధనలు, నోటీసులు ఆ భాషలోనూ ప్రకటించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఇచ్చిన రక్షణల్లో ఒకటి. మన సరిహద్దు తాలూకాల్లో చాలా చోట్ల మన వాటా అంతకంటే ఎక్కువ. కర్ణాటక ప్రభుత్వం 2022 మేలో లౌడ్‌స్పీకర్లకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలని, అందుకు 15 రోజుల గడువు అని ఆదేశం ఇచ్చింది. అలాంటి ఆదేశం ఊరి భజన మందిరం పూజారికి ఏ భాషలో అందితే పాటించగలడు? తెలియక తప్పు చేసేవారిలో మనవాళ్లు ఎక్కువ ఉన్నారంటే, నోటీసు తెలుగులో అడగకపోవడం మన తప్పే.

మగ్గాల వీధి

ఇప్పటిదాకా చెప్పినదంతా పండుగ మోత. రోజూ ఉండే మోత వేరు. భివండిలో, షోలాపూర్‌లో మన కుటుంబాలు తరాలుగా బతుకుతున్నది మరమగ్గాల మీద. కింద కార్ఖానా, పైన ఇల్లు. లేదా గోడకు ఇవతల ఇల్లు, అవతల మగ్గాలు. రాత్రి పాళీ నడిస్తేనే కూలి గిట్టుబాటు. ఆ వీధి నివాస ప్రాంతమా, పారిశ్రామిక ప్రాంతమా? నివాసమైతే రాత్రి 45, పరిశ్రమైతే 70. మిశ్రమ ప్రాంతాలను నాలుగు రకాల్లో ఏదో ఒకటిగా అధికారులు ప్రకటించాలని నిబంధనల పట్టికలోనే ఉంది. నివాసం అని ప్రకటిస్తే మగ్గం రాత్రి ఆగాలి, కూలి పోతుంది. పరిశ్రమ అని ప్రకటిస్తే పసిపిల్లల నిద్ర చట్టం లెక్కలోంచే పోతుంది. ఈ రెంటిలో ఏది కావాలని మనల్ని అడిగితే చటుక్కున చెప్పలేం. మగ్గం నడిపేదీ మనమే, గోడకు ఇవతల పడుకునేదీ మనమే.

దీనికి తీర్పులతో జవాబు రాదు. గోడ మందం, మగ్గం కింద వేసే రబ్బరు దిండ్లు, కిటికీ ఏ వైపు పెట్టాలి, రాత్రి పాళీలో ఏ వరస మగ్గాలు నడపాలి అనే చిన్న విషయాల్లోంచే కొంత వెసులుబాటు రావాలి. మగ్గాల యజమానుల సంఘాలూ మనవాళ్లవే కాబట్టి ఈ మాట కోర్టు బయట మాట్లాడుకోవడం తేలిక కావాలి. కాలేదు. పండుగ మైకు మీద అరిచినంతగా మనం మగ్గం మీద అరవం, అన్నం పెడుతోంది కనుక.

శిక్షల విషయం ఒక్క మాట. పర్యావరణ చట్టం కింద ఇంతకుముందు అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. మన స్థాయిలో ఇది పెద్ద తేడా కాదు, వీధి మైకుకు ఎవరినీ అయిదేళ్లు జైల్లో పెట్టిన దాఖలా మేం చూడలేదు. పని చేసేది అప్పటికప్పుడు ఆపించే అధికారం. అది జిల్లా మేజిస్ట్రేట్, పోలీసు కమిషనర్, లేదా డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దగ్గర ఉంటుంది. 112కి చేసిన ఫోనుతో జీపు వస్తుంది, మైకు ఆగుతుంది, జీపు వెళ్లాక మళ్లీ మోగుతుంది. అందుకే మర్నాడు ఉదయం డీఎస్పీ ఆఫీసులో తేదీ, గంట, స్థలం రాసిన కాగితం ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోవాలి. హెచ్చరిక ఒకసారి జరిగిందని రుజువు లేకపోతే రెండోసారి జరిమానా ఎలా పడుతుంది?

ఆసుపత్రి పక్కన ఇల్లున్నవారికి కూడా ఒక హెచ్చరిక. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు దానంతట అదే నిశ్శబ్ద మండలం అని చాలామంది నమ్ముతున్నారు. 2017 ఆగస్టులో వచ్చిన సవరణతో అది మారింది. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తేనే మండలం. మీ వీధిలోని ఆసుపత్రికి ఆ ప్రకటన ఉందో లేదో మున్సిపాలిటీలో అడిగి తెలుసుకున్నాకే అర్జీలో ఆ మాట రాయండి. ప్రకటన లేకపోయినా రాత్రి పది నిబంధన ఎలాగూ ఉంది.

మన సంఘాలు ఈ ఏడాది సర్వసభ్య సమావేశాల్లో ఎజెండాలో ఒక అంశంగా రెండు కాగితాలు పెట్టుకోవచ్చు. మొదటిది, వచ్చే ఏడాది 15 రోజుల జాబితాలో మన రథోత్సవం, సద్దుల బతుకమ్మ, అమ్మవారి యాత్రలోని ముఖ్యమైన రాత్రి చేర్చమని కలెక్టరుకు అర్జీ, తేదీలు పంచాంగం చూసి వేసి. రెండోది, మిగిలిన 350 రోజులూ మన మందిరంలో, మన మండపంలో రాత్రి పదికి మైకు ఆపుతామని సంఘం తీర్మానం. కలెక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెంటినీ ఒకే కవరులో పెట్టి ఇస్తే మొదటిదాన్ని చదివే అవకాశం ఎక్కువ. అర్జీ తెలుగులో, కింద ఆ రాష్ట్ర భాషలో. డిసెంబరు లోపు ఇస్తేనే జనవరి జాబితాకు అందుతుంది.